ఒక్కరోజులో సముద్రం చూసి రావాలి: హన్మకొండ నుంచి విశాఖపట్నం మేలా, సూర్యలంక మేలా?

సుబేదారి_వాసి
మా ఇంట్లో ఆరుగురం ఉంటాం. నేను, నా భార్య, పదకొండేళ్ల బాబు, ఏడేళ్ల పాప, డిగ్రీ చదువుతున్న మా తమ్ముడు, మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్న మా అమ్మ. లక్నవరం, పాకాల, రామప్ప చెరువు అందరం చూశాం కానీ అమ్మ ఇంతవరకు సముద్రం చూడలేదు, పిల్లలూ చూడలేదు. శనివారం సాయంత్రం రైలెక్కి, ఆదివారమంతా విశాఖపట్నంలో గడిపి, సోమవారం తెల్లవారేసరికి ఇల్లు చేరాలని నా ఆలోచన. ఆర్కే బీచ్, రుషికొండ, యారాడ, కైలాసగిరి, భీమిలి, వీలైతే సింహాచలం దర్శనం కూడా ఆ ఒక్కరోజులో పూర్తిచేయవచ్చా? సంక్రాంతి సెలవుల్లో వెళ్తే బాగుంటుందని ఇంట్లో అంటున్నారు. మా బావమరిది మాత్రం అంత దూరం ఎందుకని, బాపట్ల దగ్గరి సూర్యలంక సగం దూరమే కాబట్టి కారులో పొద్దున పోయి రాత్రికి రావచ్చని పట్టుబడుతున్నాడు. రెండూ చూసినవారు వివరంగా చెప్పగలరు.

కాజీపేట_జంక్షన్
వరంగల్ నుంచి విజయవాడ రైలుదారిన సుమారు 210 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖపట్నం మరో 350 కిలోమీటర్లు. ఈ 560 కిలోమీటర్లు రాత్రి నిద్రలోనే గడిచిపోతాయి కాబట్టి ఒక్కరోజు యాత్రకు విశాఖపట్నం పనికివస్తుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ మనకు రాత్రి ఏడు, ఎనిమిది గంటల మధ్య దొరుకుతుంది, తెల్లవారి ఆరు గంటల ప్రాంతంలో విశాఖలో దించుతుంది. తిరుగు ప్రయాణానికి కూడా అదే బండి పట్టుకుంటే సాయంత్రం ఐదున్నర కాకముందే బయలుదేరాలి, అప్పుడు రోజు సగంలోనే తెగిపోతుంది. అందుకని వచ్చేటప్పుడు గరీబ్‌రథ్ చూసుకోండి. అది రాత్రి ఎనిమిది దాటాక విశాఖలో బయలుదేరి తెల్లవారుజామున వరంగల్ చేరుస్తుంది. వేళలు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ తీసే రోజున మరొకసారి సరిచూసుకోవాలి.

సంక్రాంతికి వెళ్లాలనే ఆలోచన మాత్రం మానుకోండి. హైదరాబాద్‌లో ఉన్న ఆంధ్ర ప్రాంతం వాళ్లందరూ ఆ వారంలోనే సొంతూళ్లకు వెళ్తారు. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు, పండుగ రోజుల బెర్తులు తెరిచిన కాసేపటికే నిండిపోతాయి. ఆరుగురికి ఒకే పెట్టెలో చోటు దొరుకుతుందని నమ్మకం పెట్టుకోలేం.

జమ్మికుంట_స్టీరింగ్
కారు విషయం నేను చెప్తాను, ఎందుకంటే నా బతుకుతెరువే అది. హన్మకొండ నుంచి ఖమ్మం, విజయవాడ మీదుగా బాపట్లకు మూడు వందల కిలోమీటర్ల పైమాటే. పోవడానికి ఆరేడు గంటలు, రావడానికి మళ్లీ ఆరేడు గంటలు పడుతుంది. పొద్దున నాలుగింటికి లేచి బండి నడిపి, మధ్యాహ్నమంతా ఎండలో, నీళ్లలో పిల్లల వెంట తిరిగి, సాయంత్రం తిరిగి స్టీరింగ్ పట్టుకున్న మనిషికి రాత్రి పదకొండు, పన్నెండు గంటలకు కన్ను అంటుకోక తప్పదు. మీ బావమరిది ఎంత గట్టి మనిషైనా శరీరం అతని మాట వినదు. కారులోనే పోవాలంటే బాపట్లలోనో చీరాలలోనో ఒక రాత్రి పడుకోండి, లేదా వంతులు మార్చుకోవడానికి రెండో డ్రైవర్‌ను పెట్టుకోండి. ఆ రెండూ కుదరకపోతే రైలే మేలు.

పాకాల_నీళ్లు
నేను సూర్యలంక పక్షమే, కానీ రైలులో. విజయవాడ దాకా ఉదయం బండిలో పోయి, అక్కడి నుంచి తెనాలి మీదుగా చెన్నై వైపు పోయే బండి పట్టుకుంటే బాపట్ల మరో 75 కిలోమీటర్లు. స్టేషన్ నుంచి సముద్రం తొమ్మిది కిలోమీటర్లు ఉంటుంది, ఆటోలు దొరుకుతాయి. విశాఖలో భవనాల నడుమ నుంచి సముద్రం కనిపిస్తుంది, ఇక్కడ సరుగుడు తోటలు దాటగానే ఎటు చూసినా ఇసుక, నీళ్లు తప్ప మరేమీ ఉండవు. మొదటిసారి సముద్రం చూసే పెద్దమనిషికి అంతకంటే ఏం కావాలి?

కాజీపేట_జంక్షన్
పాకాల గారూ, మీ లెక్క కాగితం మీద బాగానే ఉంది. విజయవాడలో బండి మారి బాపట్ల చేరేసరికి మధ్యాహ్నమవుతుంది, సాయంత్రం మళ్లీ అదే విధంగా మారుతూ రావాలి. రాత్రి నేరుగా పోయే బండ్లు ఆ లైనులో మనల్ని అర్ధరాత్రి దాటాక దించుతాయి, మోకాళ్ల నొప్పులున్న తల్లిని తెల్లవారేదాకా స్టేషన్‌లో కూర్చోబెట్టాలి. దూరం సగమే అయినా ఒక్కరోజు ప్రయాణికుడికి సూర్యలంకే కష్టం. రైలులో దూరం కంటే దిగే వేళ ముఖ్యం.

మానుకోట_సార్
సుబేదారి గారు రాసిన ప్రణాళికలో నాకు నచ్చనిది ఒక్కటే. రెండు రాత్రులు వరుసగా రైలులో పడుకుని, నడుమ పగలంతా సముద్రంలో ఆడిన ఏడేళ్ల పాప సోమవారం పొద్దున బడిలో కళ్లు తెరిచి కూర్చోలేదు. నేను బడిలో పనిచేస్తాను కాబట్టి ఇలాంటి సోమవారాలు చూస్తూనే ఉంటాను. మీ ఆఫీసుకు రెండో శనివారం సెలవు ఉంటే శుక్రవారం సాయంత్రం బయలుదేరండి, శనివారం సముద్రం చూడండి, ఆదివారం తెల్లవారి ఇంటికి వచ్చి అందరూ హాయిగా పడుకోండి. శనివారం బీచ్‌లో జనం కూడా ఆదివారమంత ఉండరు.

సుబేదారి_వాసి
సార్, ఈ మాట నాకు తట్టనే లేదు. రెండో శనివారం నాకు సెలవే, పిల్లలకూ సెలవే. సంక్రాంతి ఆలోచన ఈ క్షణమే వదిలేశాను. మరి ఆ ఒక్కరోజులో ఏమేం చూడవచ్చో కూడా చెప్పండి.

ఓరుగల్లు_కోడలు
నేను పుట్టి పెరిగింది విశాఖపట్నంలో, మెట్టినిల్లు హన్మకొండ. మీ జాబితా చూసి నిజంగా కంగారుపడ్డాను. యారాడ ఊరికి దక్షిణాన, ఓడరేవు అవతల, డాల్ఫిన్స్ నోస్ కొండ దాటితే వస్తుంది. భీమిలి ఉత్తరాన, గోస్తని నది సముద్రంలో కలిసే చోట ఉంది. సింహాచలం ఈ రెండింటికీ సంబంధం లేకుండా లోపలి వైపు కొండ మీద ఉంది. ఈ మూడింటినీ ఒకే రోజు పెట్టుకుంటే మీ అమ్మగారు సముద్రం కంటే ఆటో వెనక సీటునే ఎక్కువసేపు చూస్తారు. ఉత్తరం వైపు ఒక్క దారి పట్టుకోండి. ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ అన్నీ ఒకే తీరపు రోడ్డు మీద వరుసగా వస్తాయి, ఆ రోడ్డే ముందుకు సాగి భీమిలి చేరుతుంది.

నీళ్లలో దిగడానికి రుషికొండ ఒక్కటే పెట్టుకోండి. శుభ్రంగా, సురక్షితంగా ఉండే బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో మన దేశంలో మొదటి విడతగా పొందిన ఎనిమిది బీచ్‌లలో అది ఒకటి. అక్కడ స్నానానికి హద్దులు గుర్తించిన చోటు ఉంది, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి, కాపలా కాసే గజ ఈతగాళ్లు ఉంటారు. పొద్దున ఏడున్నరకల్లా అక్కడ ఉంటే పది, పదిన్నర దాకా ఎండ దెబ్బ తగలకుండా ఆడుకోవచ్చు. మన తీరం తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి ఉదయం సూర్యుడు నేరుగా ముఖం మీదే ఉంటాడు, సాయంత్రం కొండల వెనక్కి పోతాడు. పైగా విశాఖలో వరంగల్ కంటే పావుగంట ముందే తెల్లవారుతుంది, పావుగంట ముందే చీకటి పడుతుంది. మన ఊరి గడియారం అలవాటుతో సాయంత్రపు లెక్కలు వేసుకోకండి.

ఇక ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగనే దిగకండి. అది నడవడానికి, కూర్చోవడానికి, మురీ మిక్స్చర్ తినడానికి మంచి చోటు. అక్కడ ఒడ్డు ఉన్నట్టుండి లోతుకు దిగిపోతుంది, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుకను లాక్కుపోతుంది. మడమల కింద ముందుగా రెండు చిన్న గుంటలు పడతాయి, ఆ తర్వాత పాదం ఒక పక్కకు ఒరుగుతుంది, అదే క్షణంలో తర్వాతి అల మోకాళ్లకు తగులుతుంది. నిలబడిన పెద్దవాళ్లే పడిపోతారు.

కరీంనగర్_ఈత
కొంచెం ఎక్కువ భయపెడుతున్నారని నా అభిప్రాయం. మేము చిన్నప్పటి నుంచి మానేరులో, వ్యవసాయ బావుల్లో ఈదినవాళ్లం. ఈత బాగా వచ్చినవాడికి ఆర్కే బీచ్ అయినా, రుషికొండ అయినా ఒకటే. సుబేదారి గారి తమ్ముడు కుర్రవాడు, అతన్ని కూడా మోకాలి లోతులో నిలబెడితే అంత దూరం వెళ్లి ఏం లాభం?

ఓరుగల్లు_కోడలు
తమ్ముడూ, నీ ఈతను నేను తక్కువ చేయడం లేదు, కానీ బావిలో నీళ్లు నిలబడి ఉంటాయి, సముద్రంలో నీళ్లే మనిషిని తీసుకుపోతాయి. అలలు వరుసగా ఒడ్డుకు తోసిన నీరంతా ఎక్కడో ఒకచోట వెనక్కి పోవాలి. ఇసుక దిబ్బల మధ్య సన్నని కాలువ లాంటి సందు దొరికితే ఆ నీరంతా దాని గుండా బలంగా లోపలికి పోతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. మోసం ఎక్కడుందంటే, ఆ సందు దగ్గర అలలు విరగవు కాబట్టి అటూ ఇటూ తెల్లని నురగ ఉన్నా అక్కడ మాత్రం నీరు నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. సముద్రం తెలియనివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. ఎంత గొప్ప ఈతగాడైనా దానికి ఎదురీది ఒడ్డుకు రావాలని చూస్తే అలసిపోయి మునుగుతాడు. అందులో చిక్కుకున్నవాడు ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. కాలువ సన్నగానే ఉంటుంది కాబట్టి కొంత పక్కకు పోతే లాగడం ఆగిపోతుంది, అప్పుడు అలలతో పాటు ఒడ్డుకు రావచ్చు. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి పిలవాలి.

ఆర్కే బీచ్‌లో దిగవద్దనడానికి మరో కారణం కూడా ఉంది. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఓడరేవు కోసం కట్టిన గోడలు ఆ ఇసుకను దక్షిణానే ఆపేస్తాయి, ఉత్తరాన ఉన్న ఆర్కే తీరం కోతకు గురవుతుంది. ఓడరేవు వాళ్లు తవ్విన ఇసుకను తెచ్చి అక్కడ పోస్తుంటారు, సముద్రం మళ్లీ తీసుకుపోతుంటుంది. కిందటి ఏడు నిలబడ్డ చోటే ఈ ఏడు కూడా లోతు తక్కువగా ఉంటుందని చెప్పలేం.

భూపాలపల్లి_గని
అక్క చెప్పింది అక్షరాలా నిజం. మా అక్క కొడుకు చెరువు ఈతలో దిట్ట. స్నేహితులతో సముద్రానికి పోయి నడుము లోతులో బంతి ఆడుతుండగా వాడిని నీళ్లు పక్కకు లాగాయి. వాడు ఒడ్డు వైపే చేతులు కొడుతున్నాడు, అయినా ఒడ్డు దూరమవుతోంది. చూసి ఇద్దరు స్నేహితులు దూకబోతే వలలు సర్దుకుంటున్న మత్స్యకారులు వాళ్లను పట్టి ఆపి, లారీ ట్యూబుకు తాడు కట్టి విసిరి వాడిని లాగారు. దూకితే వీళ్లు కూడా పోయేవాళ్లని ఆ మత్స్యకారుల్లో ఒక పెద్దమనిషి మా వాళ్లను కోప్పడి పంపాడట. అందుకని నా మాట ఒకటి గుర్తుపెట్టుకోండి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంటనే దూకకండి. ట్యూబు, తాడు, ఖాళీ నీళ్ల డబ్బా, చివరకు మూత బిగించిన ప్లాస్టిక్ క్యాన్ అయినా సరే, తేలేది ఏదైనా ముందు విసరండి, కాపలా వాళ్లను పిలవండి.

కరీంనగర్_ఈత
పక్కకు ఈదాలన్న విషయం నేను ఇంతవరకు వినలేదు, దాన్ని గుర్తుపెట్టుకుంటాను. అయినా కుర్రవాళ్లు పూర్తిగా ఒడ్డునే కూర్చోవాలంటే ఒప్పుకోను. రుషికొండలో హద్దు లోపల, ఈతగాళ్ల కళ్ల ముందు ఈదనివ్వండి.

ఓరుగల్లు_కోడలు
అందుకు నాకూ అభ్యంతరం లేదు.

మానుకోట_సార్
ఒక విషయం జోడిస్తాను. సముద్రం రోజుకు రెండుసార్లు పోటు మీద ఉంటుంది, రెండుసార్లు ఆటు మీద ఉంటుంది. ఆ వేళ ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువగా ఉంటుంది. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం పుణ్యమని సూర్యలంకకు వేలాది మంది వెళ్తారు, అంటే జనం ఎక్కువగా ఉన్న రోజే పోటు కూడా ఎక్కువగా ఉంటుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆ రోజును ఎంచుకోకపోవడం మంచిది.

వెళ్లే ముందు ఇన్‌కాయిస్ హెచ్చరికలు చూసుకోండి. సముద్రపు అలల మీద, ఉప్పెన మీద దేశమంతటికీ హెచ్చరికలు ఇచ్చే ఈ సంస్థ సముద్రమే లేని మన హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లో ఉంది. 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అక్కడే పనిచేస్తోంది. వర్షం లేకుండా ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా ఎక్కడో దూరాన రేగిన గాలుల వల్ల పెద్ద అలలు రావచ్చు. అందుకని ఒక్క వాన కబురు చూసుకుంటే సరిపోదు.

హంటర్‌రోడ్డు_అక్క
ఇంతవరకు ఎవరూ ఆడవాళ్ల ఇబ్బంది గురించి రాయలేదు. ఉప్పునీళ్లలో తడిసిన చీరతో, ఇసుక నిండిన లంగాలతో రోజంతా తిరగడం ఎంత నరకమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. మేము ఒకసారి మన దగ్గరి ఒక టూర్ బస్సులో వెళ్తే స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి ఏర్పాట్లు ఉన్నాయని ముందు చెప్పి, తీరా అక్కడ దిగాక బస్సులోనే కర్టెన్లు వేసుకుని మార్చుకోమన్నారు. అందుకని స్టేషన్‌కు దగ్గరలో ఒక గది ఆ పగటికి తీసుకోండి. దిగగానే ముఖాలు కడుక్కుని, సామాను అక్కడ పెట్టి, సముద్రం నుంచి తిరిగి వచ్చి తలస్నానం చేసి, మీ అమ్మగారు మధ్యాహ్నం రెండు గంటలు కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. గది వద్దనుకుంటే సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టవచ్చు కానీ నడుం వాల్చే చోటు లేకపోతే పెద్దవాళ్లు సాయంత్రానికి బాగా నీరసించిపోతారు.

ఆడవాళ్లు, ఆడపిల్లలు నీళ్లలో దిగేటప్పుడు చీర, దుపట్టా వద్దు. తడిసి కాళ్లకు చుట్టుకుంటే లేవలేరు. మోకాళ్ల దాకా ఉండే ముదురు రంగు కాటన్ బట్టలు మేలు. మెడలోని పుస్తెలతాడు, చెవుల దిద్దులు, కాళ్ల పట్టీలు నీళ్లలో దిగకముందే తీసి గదిలో భద్రపరచండి, అల పట్టుకుపోతే ఇసుకలో వెతికి లాభం లేదు.

సుబేదారి_వాసి
అక్కా, గది సంగతి మా ఆవిడకు చదివి వినిపించాను. ప్రయాణం మీద ఆమెకున్న సగం బెంగ అక్కడే తీరిపోయింది. అమ్మ ఇసుకలో నడవగలదా అన్నది నా తర్వాతి సందేహం. కైలాసగిరి మెట్లు ఎక్కాలా?

ఓరుగల్లు_కోడలు
ఎక్కనవసరం లేదు. రోడ్డు పై దాకా ఉంది, ఆటో పోతుంది, రోప్‌వే కూడా ఉంది. పైనుంచి తీరమంతా వంపు తిరిగి కనిపిస్తుంది, అమ్మగారికి కూర్చుని చూసే చోట్లు ఉన్నాయి. ఇసుక విషయంలో ఒక చిట్కా చెప్తాను. ఒడ్డున పొడి ఇసుకలో కాలు దిగబడుతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదే కష్టం. అల వచ్చి పోయిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది. పొడి ఇసుకలో నాలుగడుగులు ఇద్దరు చెరో పక్క పట్టుకుని దాటిస్తే, తడి నేల అంచున ఆమె మామూలుగా నడుస్తారు. మడత కుర్చీ ఒకటి తీసుకెళ్లండి, దాన్ని అలలు అందని చోట వేయండి.

సాయంత్రానికి కురుసుర జలాంతర్గామి పెట్టుకోండి. సోమవారం సెలవు ఉంటుంది, మీరు శనివారం వెళ్తున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించాక 2002లో ఆర్కే బీచ్ ఒడ్డున దాన్ని ప్రదర్శనశాలగా మార్చారు. సుమారు 91 మీటర్ల పొడవుంటుంది. ఒక గది నుంచి మరో గదికి పోవడానికి గుండ్రని ఇనుప కంతల్లోంచి నడుము వంచి, ఒక కాలు ముందు పెట్టి, తల తప్పించి దూరాలి. మీ అబ్బాయికి అదే పండుగ. అమ్మగారిని మాత్రం లోపలికి తీసుకెళ్లకండి, ఆమె బయట గాలికి కూర్చుంటారు. రోడ్డుకు అవతల టీయూ 142 విమానం కూడా ఉంది, 2017 నుంచి చూడనిస్తున్నారు.

జమ్మికుంట_స్టీరింగ్
భీమిలి కూడా చూడాలని ఉంటే మధ్యలో ఎర్రమట్టి దిబ్బలు తప్పక చూడండి. గాలీ నీళ్లూ వేల ఏళ్లుగా పేర్చిన ఇసుక అది, 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించారు. పిల్లలను గోడల్లాంటి ఆ అంచుల మీదికి ఎక్కనీయకండి, మట్టి జారుతుంది, పైగా పాడుచేసినట్టవుతుంది.

మానుకోట_సార్
ఒక్కరోజులో అది వద్దని నా సలహా. రుషికొండ, గది, కురుసుర, ఆర్కే బీచ్ గట్టు మీద సాయంత్రం, అంతే. ఓపిక మిగిలితే కైలాసగిరి. అమ్మగారు మొదటిసారి చూస్తున్నారు, ఆమె ఎంతసేపు చూడాలనుకుంటే అంతసేపు అక్కడే కూర్చోనివ్వాలి.

పాకాల_నీళ్లు
విశాఖకే ఓటు పడిందని ఒప్పుకుంటాను. అయినా మన ఓరుగల్లు వాళ్లు సముద్రం గురించి మాట్లాడుకుంటూ మోటుపల్లి పేరెత్తకపోతే నాకు మనసొప్పదు. చీరాలకు దక్షిణాన చినగంజాం మండలంలో ఉన్న ఆ పల్లె కాకతీయుల ఓడరేవు. గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం వీరభద్రుని ఆలయంలో నేటికీ ఉంది. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలతో సహా సరుకంతటినీ పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని, తాను మాత్రం సముద్రం మీదికి వచ్చేవాళ్లకు ప్రాణాల కంటే ధనం ప్రియమని ఎరిగి, సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే వదిలేస్తున్నానని ఆ మహారాజు అందులో ప్రకటించాడు. పాకాల చెరువు కూడా ఆయన కాలంలోనిదే. మన చెరువుల నాటి రాజుకు సముద్రం మీద మునిగిపోయేవాడి కష్టం కూడా తెలుసునని పిల్లలకు చెప్పి తీసుకెళ్లండి. మరో ఏడాది రెండు రోజుల వీలు చూసుకుని చీరాల దగ్గరి ఓడరేవు బీచ్, చినగంజాం ఉప్పు మళ్లు, మోటుపల్లి కలిపి చూడండి. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం కూడా ఆ దారిలోనే ఉంది.

సుబేదారి_వాసి
పాకాల గారూ, ఓరుగల్లు కోటను అన్నిసార్లు చూసినా ఈ విషయం నాకు తెలియదు. మా బావమరిదికి కూడా ఇది చదివి వినిపిస్తాను, వేసవిలో ఆ రెండు రోజుల యాత్ర అతని బాధ్యతే.

భూపాలపల్లి_గని
వేసవి కంటే డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా మేలు. మే నెలలో అక్కడి ఉక్కపోత మన ఎండ కంటే ఘోరం, గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి సగం దాకా బంగాళాఖాతంలో తుఫానులు వస్తుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదికే వచ్చింది. వాయుగుండం కబురు వింటే టికెట్ల డబ్బు కోసం ఆలోచించకుండా ప్రయాణం రద్దు చేసుకోండి.

కాజీపేట_జంక్షన్
తుఫాను అక్కడ వచ్చినా దెబ్బ మన దగ్గర కూడా తగులుతుంది. 2024 సెప్టెంబరు 1న కురిసిన వానకు మన లైనులోనే ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి విజయవాడ వైపు బండ్లన్నీ ఆగిపోయాయి. మూడో లైను పనుల వల్ల కూడా అప్పుడప్పుడు బండ్లు రద్దు చేస్తున్నారు, దారి మళ్లిస్తున్నారు. బయలుదేరే రోజు మధ్యాహ్నం బండి ఎక్కడుందో తప్పక చూసుకోండి. మేడారం జాతర ఉన్న ఏడాది అయితే ఆ వారాన్ని కూడా వదిలేయండి, కాజీపేటలో, వరంగల్‌లో కాలు పెట్టే చోటు ఉండదు.

హంటర్‌రోడ్డు_అక్క
తిండి సంగతి కూడా చెప్తాను. రైలులో రాత్రికి పులిహోర, పెరుగన్నం కట్టుకోండి, పిల్లలకు సకినాలు, గారెప్పలు సరిపోతాయి. పగటి తిండి ఇంటి నుంచి తీసుకెళ్లకండి, ఉక్కకు పాడవుతుంది, అక్కడ వేడివేడిగా ఇడ్లీ, భోజనం దొరుకుతాయి. చేపలు, రొయ్యలు తినే అలవాటు లేని పిల్లలకు మొదటిసారి తిరుగు ప్రయాణం ముందే పెట్టకండి. నీళ్లలో దిగే ముందు కడుపు నిండా తినకండి. ఉప్పుగాలికి దాహం తెలియదు, నీళ్ల సీసాలు వెంట ఉంచుకోండి, ఖాళీవి మళ్లీ సంచిలోనే వేసుకుని రండి. ఆ తీరంలో జనవరి నుంచి మార్చి దాకా సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, మనం పారేసిన కవర్లు వాటి గొంతులో పడతాయి.

సుబేదారి_వాసి
అందరి మాటలూ విన్నాక నా నిర్ణయం ఇది. ఫిబ్రవరి రెండో శనివారానికి ముందు శుక్రవారం సాయంత్రం గోదావరిలో బయలుదేరుతాం. స్టేషన్ దగ్గర గది తీసుకుంటాం, ఏడున్నరకల్లా రుషికొండ, పదిన్నరకు తిరుగు. మధ్యాహ్నం విశ్రాంతి. సాయంత్రం కురుసుర, ఆ తర్వాత చీకటి పడేదాకా ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చోవడమే కానీ నీళ్ల జోలికి పోము. రాత్రి గరీబ్‌రథ్. యారాడ, భీమిలి, సింహాచలం ఈసారికి లేవు. తమ్ముడు హద్దు లోపలే ఈదుతానని మాట ఇచ్చాడు, నీళ్లలో ఉన్నంతసేపు పిల్లల చేతులు నేనూ మా ఆవిడా వదలకుండా పట్టుకుంటాం. రిజర్వేషన్ తెరిచిన రోజే ఆరు టికెట్లు తీస్తాను.

కాజీపేట_జంక్షన్
ఒక టికెట్ మీద ఆరుగురి దాకా తీయవచ్చు కానీ మీరు అలా తీయకండి. అరవై దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు కింది బెర్తు కోటా ఉంటుంది. ఆ టికెట్ మీద ఒకరో ఇద్దరో మాత్రమే ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. అమ్మగారి టికెట్ విడిగా ఆ కోటాలో తీసి, మిగిలిన ఐదుగురికీ మరో టికెట్ అదే తరగతిలో వెంటనే తీయండి. పెట్టెలు వేరుపడితే టీటీఈని అడిగి, లేదా పక్కవాళ్లను బతిమాలి తమ్ముణ్ని అమ్మ దగ్గరికి మార్పించుకోండి. అమ్మకు మాత్రం కింది బెర్తు ఖాయమవ్వాలి, మోకాళ్ల నొప్పులతో నడి బెర్తు ఎక్కడం ఆమె వల్ల కాదు.

సుబేదారి_వాసి
ఈ కోటా సంగతి నాకు తెలియదు. రెండు టికెట్లుగానే తీస్తాను, వచ్చేటప్పటి గరీబ్‌రథ్‌కు కూడా అలాగే.